తగలబెట్టాల్సిన డైరీ: 27 ఏళ్లకే యుద్ధంలో చనిపోయిన డాక్టర్ ట్రామ్ కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక మంట దగ్గర మొదలవుతుంది.

వియత్నాం యుద్ధం రోజులు, 1969-70 ప్రాంతం. దక్షిణ వియత్నాంలో డుక్ ఫో అనే చోట అమెరికన్ ఆర్మీ క్యాంపు ఉంది. అక్కడ 22 ఏళ్ల అమెరికన్ కుర్రాడు ఒకడు ఇనప డ్రమ్ములో మంట పెట్టి, కట్టలు కట్టలుగా కాగితాలు వేస్తున్నాడు. అతని పేరు ఫ్రెడ్ వైట్‌హర్స్ట్. మిలిటరీ ఇంటెలిజెన్స్‌లో పని. శత్రువుల దగ్గర దొరికిన ఉత్తరాలు, నోటు పుస్తకాలు, మ్యాపులు అన్నీ అతని టేబుల్ మీదకే వస్తాయి. యుద్ధానికి పనికొచ్చేవి పక్కన పెట్టాలి. పనికిరానివి తగలబెట్టాలి. అదీ ఆర్డర్.

పక్కనే ఒక వియత్నాం సైనికుడు నిలబడి ఉన్నాడు, పేరు న్గుయెన్ ట్రుంగ్ హియు. దక్షిణ వియత్నాం ఆర్మీ మనిషి, అంటే అమెరికా వైపు వాడు. అనువాదకుడు. చేతిలో చిన్న చేతిరాత పుస్తకం. రెండు మూడు పేజీలు చదివాడు. చదివి ఫ్రెడ్‌తో అన్నాడు, దీన్ని మంటలో వెయ్యొద్దు, దీనిలో ఇప్పటికే నిప్పు ఉంది అని.

ఫ్రెడ్ వెయ్యలేదు. ఆర్డర్ మీరాడు. అందుకే ఈ రోజు మనం డాంగ్ థుయ్ ట్రామ్ అనే డాక్టరమ్మాయి గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

ఈ కథ నన్ను ఎందుకు పట్టుకుందో ముందే చెప్పేస్తాను. వీడియోలు మొదలుపెట్టక ముందు నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేవాణ్ని. నా పనిలో ఒక ముక్క ఏంటంటే, పాత డేటా క్లీన్ చేయడం. 90 రోజులు దాటిన ఫైళ్లు ఉండకూడదు. అర్ధరాత్రి దాటాక స్క్రిప్ట్ దానంతటదే నడిచేది. పొద్దున్నే లాగ్ చూస్తే ఇన్ని రికార్డులు డిలీట్ అయ్యాయి అని ఒక నంబర్ వచ్చేది. ఆ ఫైళ్లలో ఒక్కటి కూడా నేను తెరిచి చూసింది లేదు. చూడమని ఎవరూ చెప్పలేదు కూడా. అందుకే హియు కథ మొదటిసారి చదివినప్పుడు నాకు తట్టిన మొదటి ప్రశ్న ఇది. ఆ మనిషి అసలు తెరిచి ఎందుకు చూశాడు?

ఎవరీ ట్రామ్?

ముందు పేరు సంగతి. వియత్నాం వాళ్లకి కూడా మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. డాంగ్ అనేది నాన్న వైపు ఇంటిపేరు. చివర్లో ఉన్న ట్రామ్ అమ్మ పేరులోది. అమ్మ పేరు దోవాన్ న్గోక్ ట్రామ్. ఆడపిల్లలందరి పేర్లలోనూ అమ్మ పేరు ముక్క పెట్టుకున్నారు ఆ ఇంట్లో.

1942 నవంబర్ 26న పుట్టింది. పెరిగింది హనోయ్‌లో. నాన్న సర్జన్, అమ్మ ఫార్మసీ లెక్చరర్. పుస్తకాలు, సంగీతం ఉన్న ఇల్లు. ట్రామ్ పెద్ద కూతురు. 1966లో హనోయ్‌లో మెడిసిన్ పూర్తి చేసింది. కళ్ల డాక్టర్ అవ్వాలని ఆ వైపు చదివింది.

అప్పటికి దేశం రెండు ముక్కలు. 1954లో జెనీవా ఒప్పందం ప్రకారం 17వ అక్షాంశం దగ్గర గీత పడింది. ఉత్తరాన కమ్యూనిస్టు ప్రభుత్వం, దక్షిణాన అమెరికా అండ ఉన్న ప్రభుత్వం. ఆ ఒప్పందం అమలవుతోందా లేదా అని చూడ్డానికి పెట్టిన అంతర్జాతీయ కమిషన్‌కి అధ్యక్షత వహించింది మన ఇండియానే. కానీ రెండేళ్లలో జరగాల్సిన ఎన్నికలు జరగలేదు. గీత అలాగే ఉండిపోయింది. 1965 నుంచి అమెరికన్ సైన్యం పెద్ద ఎత్తున దిగింది.

ఆ పరిస్థితుల్లో ట్రామ్ హనోయ్‌లోనే ఉండి ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ దక్షిణానికి వెళ్తానని తనే ముందుకొచ్చింది. 1966 డిసెంబర్‌లో బయలుదేరింది. అడవుల్లోంచి, కొండల్లోంచి, హో చి మిన్ దారి వెంబడి దాదాపు మూడు నెలల ప్రయాణం. 1967 మార్చిలో క్వాంగ్ న్గాయ్ ప్రాంతానికి చేరింది. అక్కడి డుక్ ఫోలో ఒక చిన్న ఆసుపత్రి బాధ్యత అప్పగించారు. అప్పుడామె వయసు 24. మనలో చాలామంది ఆ వయసులో క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చిందా, బెంచ్ మీద కూర్చోబెట్టారా అని టెన్షన్ పడుతుంటాం.

ఆ ఆసుపత్రి ఎలా ఉండేది?

ఆసుపత్రి అనగానే బిల్డింగ్ ఊహించుకోకండి. అడవిలో ఆకులు, కర్రలతో కట్టిన పాకలు. పక్కన నేలలో తవ్విన బంకర్లు. విమానాలు కనిపెట్టాయంటే రాత్రికి రాత్రి పేషెంట్లని మోసుకుని ఇంకో చోటికి పోవాలి. మళ్ళీ కట్టుకోవాలి. గాయపడ్డ గెరిల్లాలు, ఉత్తరం నుంచి వచ్చిన సైనికులు, చుట్టుపక్కల ఊళ్ల జనం, అందరికీ అదే ఆసుపత్రి. కళ్ల డాక్టర్ అవుదామనుకున్న అమ్మాయి అక్కడ కాళ్లు చేతులు తీసేసే ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది. ఇంకోపక్క లోకల్ పిల్లలకి కట్టు కట్టడం, సూది వేయడం నేర్పి వైద్య సహాయకులుగా తయారు చేసింది.

ఇప్పుడు దొరికిన డైరీలో మొదటి పేజీ 1968 ఏప్రిల్ 8ది. ఆ పేజీలో ఉన్నది ఒక అపెండిసైటిస్ ఆపరేషన్. మత్తుమందు సరిపడా లేదు. ఉన్న కాస్త మందుతోనే చేసింది. పేషెంట్ ఒక సైనికుడు, నోరు తెరిచి మూలగలేదు. దాని గురించి రాసుకుంది.

ఆ తేదీ కొంచెం గుర్తు పెట్టుకోండి. దానికి సరిగ్గా 23 రోజుల ముందు, మార్చి 16న, అదే క్వాంగ్ న్గాయ్‌లో మై లాయ్ ఊచకోత జరిగింది. అమెరికన్ సైనికులు ఊళ్లోకి దిగి ముసలివాళ్లని, ఆడవాళ్లని, పిల్లల్ని చంపారు. వియత్నాం లెక్క ప్రకారం చనిపోయింది 504 మంది. ఆ పని చేసిన దళం ఉన్న బ్రిగేడ్‌కి కేంద్రం ఎక్కడో తెలుసా? డుక్ ఫోలోనే. అంటే ట్రామ్ ఆసుపత్రి నడిపిన ప్రాంతంలోనే.

డైరీలో ఏముంది?

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ఈ డైరీ గురించి చెప్పేటప్పుడు చాలామంది ఆమెని దేవతని చేసేస్తారు. చదివితే అలా ఉండదు, ఒక మామూలు అమ్మాయే కనిపిస్తుంది.

ఒంటరితనం ఉంది. ఇంటి మీద బెంగ ఉంది. ఒక ప్రేమ ఉంది. తనకంటే ముందే దక్షిణానికి వెళ్లిన ఒకతని గురించి ఎం అనే ఒక్క అక్షరంతో రాసుకుంటుంది. ఇంత దూరం నడిచి వచ్చాక కూడా ఆ ప్రేమ నిలబడలేదు. ఆ నొప్పి పేజీ తర్వాత పేజీలో వస్తూనే ఉంటుంది.

పార్టీ మీద కోపం ఉంది. ఇది చాలామందికి ఆశ్చర్యం అనిపిస్తుంది. ప్రాణాలకి తెగించి వచ్చిన మనిషికి కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం వెంటనే ఇవ్వలేదు. ఎందుకంటే చదువుకున్న, ఉన్నవాళ్ల ఇంటి అమ్మాయి. అనుమానం. 1968 సెప్టెంబర్ 27 దాకా ఆగాల్సి వచ్చింది. తనని నమ్మట్లేదన్న బాధ, చిన్న బుద్ధులున్న వాళ్ల మీద చిరాకు, ఏదీ దాచుకోలేదు.

తమ్ముళ్లు ఉన్నారు. సొంత తమ్ముళ్లు కాదు. వియత్నాం భాషలో కూడా మనలాగే అన్నా, అక్కా, తమ్ముడూ అని వరసలు కలిపే పిలుచుకుంటారు. ఆసుపత్రికి వచ్చిన కుర్ర సైనికుల్ని తమ్ముడూ అని పిలిచేది. కట్టు కట్టి, నయం చేసి మళ్ళీ యుద్ధానికి పంపేది. కొంతమంది మళ్ళీ మోసుకొచ్చినప్పుడు ప్రాణంతో లేరు. ఆ రోజుల పేజీలు చదవడం కష్టం.

ద్వేషం కూడా ఉంది. అమెరికన్ల గురించి రాసేటప్పుడు ఆమె మాటల్లో దయ అనేది కనపడదు. దోపిడీ దొంగలు, రాక్షసులు అన్న స్థాయిలో రాస్తుంది. పగ తీర్చుకోవాలని రాస్తుంది. ఆమె చూసినవి చూసిన మనిషి అలా రాయకపోతేనే వింత. కానీ దాన్ని కత్తిరించి చెప్పడం నాకిష్టం లేదు. ఎందుకంటే అసలు విశేషం అక్కడే ఉంది. ఆ డైరీని కాపాడింది ఎవరు? ఆమె ఎవరినైతే అంత ద్వేషించిందో వాళ్లలో ఒకడు.

అదే తీరంలో ఇంకో అమ్మాయి

కథ ఇక్కడ ఆపి ఇంకో పేరు చెప్పాలి. ఈ పేరు చెప్పకపోతే మనం ఒక వైపే చూసినట్టు అవుతుంది.

షారన్ లేన్. ఒహాయో రాష్ట్రం అమ్మాయి. 1943లో పుట్టింది, ట్రామ్ కంటే కొన్ని నెలలే చిన్న. అమెరికన్ ఆర్మీ నర్సు. 1969 ఏప్రిల్ చివర్లో వియత్నాంలో దిగింది. డ్యూటీ చు లాయ్ అనే చోట ఉన్న 312వ ఎవాక్యుయేషన్ హాస్పిటల్‌లో. డుక్ ఫో నుంచి అదే సముద్ర తీరం వెంబడి ఉత్తరంగా వెళ్తే వస్తుంది, మధ్యలో 100 కిలోమీటర్లు కూడా లేవు.

షారన్ పని చేసిన వార్డులో పేషెంట్లు అమెరికన్లు కాదు, వియత్నాం వాళ్లు. 1969 జూన్ 8 తెల్లవారుజామున ఆ ఆసుపత్రి మీద రాకెట్ పడింది. ముక్క తగిలి షారన్ చనిపోయింది. దేశానికి వచ్చి ఏడు వారాలు కూడా కాలేదు. ఇంకో నెల ఆగితే 26వ పుట్టినరోజు. ఆ యుద్ధంలో శత్రువు దాడిలో నేరుగా చనిపోయిన ఒకే ఒక్క అమెరికన్ ఆర్మీ నర్సు ఆమె.

ఆ రాకెట్ వేసింది ఎవరు? ట్రామ్ ఎవరికైతే కట్లు కట్టేదో ఆ వైపు వాళ్లు. ట్రామ్ ఆసుపత్రి మీద బాంబులు వేసింది ఎవరు? షారన్ దేశం వాళ్లు. ఇద్దరూ చేసిన పని మాత్రం ఒకటే. ఇద్దరూ ఒకరి గురించి ఒకరు ఎప్పుడూ వినలేదు.

షారన్ పేరు వాషింగ్టన్‌లో నల్లరాతి గోడ మీద ఉంది. 1982లో కట్టిన ఆ గోడ మీద 58 వేలకు పైగా అమెరికన్ల పేర్లు చెక్కారు. ప్రతి ఒక్కరికీ ఒక లైను. వియత్నాం వైపు చూస్తే, ఈ రోజుకీ లక్షల మంది సైనికుల అవశేషాలు దొరకలేదు, లేదా అవి ఎవరివో తేలలేదని అంటారు. ఎన్నో ఇళ్లలో ఫొటో ఉంది, సమాధి లేదు. అంతమందిలో ట్రామ్ మాటలు మన దాకా రావడం ఎంత అరుదో ఇప్పుడు అర్థమవుతుంది.

చివరి రోజులు

1970 జూన్ 2న ఆసుపత్రి మీద బాంబులు పడ్డాయి. ఐదుగురు పోయారు. ఇక అక్కడ ఉండడం కుదరదు. నడవగలిగిన వాళ్లని, మోయగలిగిన వాళ్లని తరలించారు. కదిలించలేని పేషెంట్లు కొందరు మిగిలారు. వాళ్లతో పాటు ట్రామ్, ఇంకొంతమంది ఆడవాళ్లు మాత్రం ఉండిపోయారు.

మనుషులొచ్చి తీసుకెళ్తారని ఎదురుచూశారు. ఎవరూ రాలేదు. జూన్ 20న డైరీలో చివరి పేజీ రాసింది. బియ్యం ఆ పూటకి సరిపడా మాత్రమే మిగిలాయి. ఆ పేజీలో నినాదాలు లేవు. భయం ఉంది, అమ్మ చెయ్యి కావాలన్న కోరిక ఉంది. నేనింక చిన్నపిల్లని కాదు అని తనకి తానే చెప్పుకుంటూ, అయినా అమ్మ కావాలని రాసుకుంది.

రెండు రోజుల తర్వాత, జూన్ 22న, అడవిలో అమెరికన్ సైనికుల తుపాకీ కాల్పుల్లో చనిపోయింది. వయసు 27.

డైరీ రెండు పుస్తకాలు. ఒకటి 1969 డిసెంబర్‌లోనే ఒక దాడిలో అమెరికన్లకి దొరికింది. రెండోది ఆమె చనిపోయాక. రెండూ చివరికి ఫ్రెడ్ చేతికే చేరాయి. సాయంత్రాలు హియు కూర్చుని పేజీ పేజీ చదివి అర్థం చెప్పేవాడు. ఫ్రెడ్ వినేవాడు. తమ సైన్యం ఎవరితో పోరాడుతోందో ఆ కుర్రాడికి మొదటిసారి ఒక మనిషి గొంతులో వినపడింది.

35 ఏళ్లు ఒక అరలో

1972లో ఫ్రెడ్ ఇంటికి వచ్చేశాడు. డైరీలు వెంట తెచ్చుకున్నాడు. ఇది రూల్స్ ప్రకారం తప్పే, పట్టుబడిన పత్రాలు సొంతానికి ఉంచుకోకూడదు.

తర్వాత కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశాడు. ఎఫ్‌బీఐ ల్యాబ్‌లో చేరాడు, పేలుడు పదార్థాల నిపుణుడిగా. 1990ల్లో ఆ ల్యాబ్‌లో జరుగుతున్న తప్పుల్ని తనే బయటపెట్టి పెద్ద గొడవకి కారణమయ్యాడు. అంటే పైవాడు చెప్పాడు కదా అని ఊరుకునే రకం కాదు అతను. డ్రమ్ము దగ్గర మొదలైన అలవాటు అనుకోవచ్చేమో.

మరి ఇన్నేళ్లు ఆ కుటుంబాన్ని ఎందుకు వెతకలేదు? ఈ డౌట్ నాకూ వచ్చింది. ఒకటి, అమెరికాకి వియత్నాంతో దౌత్య సంబంధాలే లేవు, 1995లో మొదలయ్యాయి. రెండు, ఎఫ్‌బీఐలో పనిచేసే మనిషి కమ్యూనిస్టు దేశంతో ఉత్తరాలు నడిపితే ఉద్యోగానికే ఎసరు. అలా డైరీలు అరలో ఉండిపోయాయి. కానీ పారేయలేదు. ఇల్లు మారినా, ఉద్యోగం పోయినా, ఒక్క అక్షరం సొంతంగా చదవలేని భాషలో ఉన్న ఆ రెండు పుస్తకాల్ని పారేయలేదు.

ఫ్రెడ్ సోదరుడు రాబర్ట్ కూడా వియత్నాంలో పనిచేసినవాడే. అతని భార్య వియత్నాం ఆవిడ, అతనికి భాష వచ్చు. అతను కూర్చుని డైరీలు చదవడం, అనువాదం చేయడం మొదలుపెట్టాడు. అతనికీ అదే అయింది, వదల్లేకపోయాడు.

2005 మార్చిలో ఇద్దరూ డైరీలు తీసుకుని టెక్సస్ రాష్ట్రంలో లబ్బక్ అనే ఊరికి వెళ్లారు. అక్కడి టెక్సస్ టెక్ యూనివర్సిటీలో వియత్నాం యుద్ధం మీద పెద్ద ఆర్కైవ్ ఉంది. అక్కడ జరిగిన సదస్సులో టెడ్ ఎంగెల్‌మన్ అనే ఫొటోగ్రాఫర్ కలిశాడు. అతనూ ఆ యుద్ధంలో పనిచేసినవాడే, త్వరలో హనోయ్ వెళ్తున్నాడు. స్కాన్ చేసిన పేజీలు ఒక సీడీలో వేసి అతనికి ఇచ్చారు.

ఫ్రెండ్స్, మా ఫీల్డ్ వాళ్లకి ఈ ముక్క భలే నచ్చుతుంది. 35 ఏళ్లు ఒకే కాపీ. అగ్గిపుల్ల గీస్తే, వాన నీళ్లు పడితే, చెదలు పడితే అంతే. మొత్తం ఒక మనిషి జీవితానికి బ్యాకప్ లేదు. 2005లో మొదటిసారి కాపీ చేశారు, కాపీ చేసిన కొన్ని వారాలకే అది ఇంటికి చేరింది.

2005 ఏప్రిల్ చివర్లో, హనోయ్‌లో కొందరి సాయంతో టెడ్ ఆ ఇల్లు వెతికి పట్టుకున్నాడు. తలుపు తీసింది ట్రామ్ కుటుంబమే. నాన్న అప్పటికి లేరు. అమ్మ ఉన్నారు, 80 దాటిన ఆవిడ. కూతురు వెళ్లిపోయిన 38 ఏళ్లకి, కూతురి చేతిరాత కంప్యూటర్ స్క్రీన్ మీద కనిపించింది.

అదే ఏడాది ఆగస్టులో ఫ్రెడ్, రాబర్ట్ హనోయ్ వెళ్లారు. ఆవిడ ఫ్రెడ్‌ని కొడుకులా దగ్గరకి తీసుకున్నారు. ఒక్క క్షణం ఆలోచించండి. కూతుర్ని చంపిన సైన్యం యూనిఫాం వేసుకున్న మనిషి అతను. అక్టోబర్‌లో ఆవిడ, కూతుళ్లు కలిసి లబ్బక్ వెళ్లి అసలు పుస్తకాల్ని చేతుల్లోకి తీసుకున్నారు. ఆ పుస్తకాలు ఇప్పటికీ అక్కడి ఆర్కైవ్‌లోనే ఉన్నాయి. భద్రంగా ఉంటాయని కుటుంబం అక్కడే ఉంచింది.

కుర్రాళ్లు ఎందుకు చదివారు?

2005 జూలైలో డైరీ వియత్నాంలో పుస్తకంగా వచ్చింది. ఏడాది తిరక్కుండానే 3 లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. కొన్నవాళ్లలో ఎక్కువమంది యుద్ధం అయిపోయాక పుట్టిన పిల్లలు. మోటార్ సైకిళ్లు, ఇంటర్నెట్ కేఫ్‌ల కాలం వాళ్లు.

వాళ్లకి యుద్ధ వీరుల కథలు కొత్త కాదు. స్కూల్లో అవే. ప్రతి ఊళ్లో స్మారకాలే. కానీ ఆ కథల్లో వీరులు ఏడవరు, ప్రేమలో ఓడిపోరు, పార్టీ మీద విసుక్కోరు. ట్రామ్ ఇవన్నీ చేసింది, చేస్తూనే గాయపడ్డవాళ్లని వదిలి కదల్లేదు. అదే ఏడాది 1972లో 20 ఏళ్లు నిండకుండానే చనిపోయిన న్గుయెన్ వాన్ థాక్ అనే సైనికుడి డైరీ కూడా వచ్చింది, దాన్నీ అలాగే చదివారు. ఇంగ్లీష్‌లో ట్రామ్ డైరీ 2007లో వచ్చింది. 2009లో డాంగ్ న్యాట్ మిన్ అనే పేరున్న దర్శకుడు సినిమా తీశాడు. ఆ సినిమా పేరు ఏంటో తెలుసా? తగలబెట్టొద్దు. అంటే హియు అన్న మాటే.

డుక్ ఫోలో ఇప్పుడు ఆమె పేరుతో ఒక ఆసుపత్రి నడుస్తోంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. విగ్రహం పెడితే జనం ఏడాదికోసారి దండ వేస్తారు. ఆసుపత్రి పెడితే రోజూ ఎవరో ఒకరు జ్వరంతో వస్తారు.

మళ్ళీ ఆ డ్రమ్ము దగ్గరికి

మొదట్లో అడిగిన ప్రశ్నకి వద్దాం. హియు ఎందుకు తెరిచి చూశాడు?

ఫ్రెడ్‌కి భాష రాదు. అతనికి అది ఇంకో నోటు పుస్తకం అంతే. హియుకి వచ్చు. కానీ అతనికి రిస్క్ కూడా ఎక్కువ. శత్రువు వైపు రాత మీద జాలి చూపించిన దక్షిణ సైనికుడికి ఏం జరగొచ్చో మనం ఊహించుకోవచ్చు. అయినా నోరు తెరిచాడు. పుస్తకాలు, సినిమా, వార్తలు అన్నీ ఫ్రెడ్ గురించి ఎక్కువ చెప్తాయి, ఆ గౌరవం అతనికి న్యాయమే. నాకు మాత్రం ఆ వెనక నిలబడ్డ అనువాదకుడే గుర్తొస్తాడు. చదవగలిగిన మనిషి చదివాడు కాబట్టే మిగిలినదంతా జరిగింది.

ఆర్డర్‌లో తప్పు ఎక్కడుందో చూడండి. పనికొచ్చేది ఉంచండి, పనికిరానిది తగలబెట్టండి. వినడానికి బానే ఉంది. కానీ దేనికి పనికొచ్చేది? యుద్ధానికి. ఆ కొలతతో కొలిస్తే ట్రామ్ డైరీ చెత్త. దళాలు ఎక్కడున్నాయి, ఆయుధాలు ఎక్కడున్నాయి, ఏమీ లేవు అందులో. ఒక అమ్మాయి బెంగ ఉంది, కొందరు చనిపోయిన కుర్రాళ్ల పేర్లు ఉన్నాయి. ఆ డ్రమ్ములో ఆ రోజు, అంతకు ముందు, ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు కాలిపోయి ఉంటాయి? వాటిలో ఎంతమంది ట్రామ్‌లు? అనువాదకుడి కన్ను పడనివి ఎన్ని?

నేను ఇది ఏదో దూరపు దేశం సంగతిలా చెప్పలేను. కారణం ఉంది.

మా తాతయ్య సర్వే డిపార్ట్‌మెంట్‌లో చైన్‌మన్. గొలుసు పట్టుకుని ఊరూరా పొలాలు కొలిచిన మనిషి. రోజూ రాత్రి చిన్న లెక్కల పుస్తకంలో నాలుగు లైన్లు రాసేవాడు. ఎంత ఖర్చయింది, ఎక్కడ వాన పడింది, ఎవరింట్లో భోజనం పెట్టారు, ఇలాంటివే. ఆయన పోయాక అవన్నీ ఒక ట్రంకుపెట్టెలో ఉండేవి. ఇంజనీరింగ్ అయిపోయిన ఏడాది మేము ఇల్లు మారాం. సామాను సర్దే పని నాది. పాత పేపర్లు కొనేవాడు వచ్చాడు. నేను ఆ పెట్టె తెరిచి, పైన ఒక పుస్తకం తీసి, అణాల లెక్కలు చూసి, మొత్తం అతని తక్కెట్లో పోసేశాను. కిలోకి ఇంత అని ఇచ్చాడు. ఆ డబ్బుతో సామాను ఎక్కించిన వాళ్లకి టీ తాగించాను.

వారం తర్వాత కొత్త ఇంట్లో అమ్మ అడిగింది, తాతయ్య పుస్తకాల పెట్టె ఏదిరా అని. పనికొచ్చేవి ఏమీ లేవమ్మా అందులో, అన్నాను. అమ్మ ఇంకేమీ అనలేదు. వంటింట్లోకి వెళ్లిపోయింది.

తర్వాత తెలిసింది, అమ్మ పుట్టిన రోజు ఆయన ఏదో రాశాడట ఒక పుస్తకంలో. అమ్మ చిన్నప్పుడు ఒకసారి చదివిందట. ఏం రాశాడో ఇప్పుడు అమ్మకి సరిగ్గా గుర్తులేదు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తూ మధ్యలో ఆగిపోతుంది. ఆ లైన్ ఇప్పుడు ఎక్కడా లేదు. డిలీట్ కొట్టింది నేనే. యుద్ధం లేదు, ఆర్డర్ లేదు, నాకు భాష కూడా వచ్చు. చదవలేదు, అంతే.

అందుకే ఈ ఎపిసోడ్. మా తాతయ్యా ట్రామ్ ఒకటే అని చెప్పట్లేదు. ఆమె ప్రాణం పెట్టింది. కానీ హనోయ్‌లో ఆ అమ్మకి 38 ఏళ్ల తర్వాత దొరికింది ఏంటో, మా అమ్మకి దొరకనిది ఏంటో నాకు తెలుసు.

కాబట్టి ఒక చిన్న రిక్వెస్ట్. ఇంట్లో అటక మీద, బీరువా అడుగున, అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పాత పుస్తకం, ఉత్తరాల కట్ట ఏదైనా ఉంటే, పారేసే ముందు ఒక్కసారి కూర్చుని చదవండి. చేతిరాత అర్థం కాకపోతే అర్థమయ్యే పెద్దవాళ్లతో చదివించుకోండి. చేతిలో ఫోన్ ఉంది కదా, పేజీ పేజీ ఫొటో తీసి ఇంకో చోట కూడా దాచుకోండి. పది నిమిషాల పని.

వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్త. ఈ ఒక్క రోజు మాత్రం, వీలైతే, ఇద్దరి పేర్లు గుర్తు పెట్టుకుని పడుకోండి. డాంగ్ థుయ్ ట్రామ్. షారన్ లేన్. ఉంటాను ఫ్రెండ్స్.